ఊరి బాకీ

వృత్తి ఫుట్‌బాల్‌లో పేరూ డబ్బూ సంపాదించిన ఆటగాళ్లు తాము పుట్టిపెరిగిన ఊరికో పేటకో చేసే మేలును ‘తిరిగి ఇవ్వడం’ అని పిలవడం ప్రపంచమంతటా అలవాటైపోయింది. ఈ మాటను కొంచెం నిలిచి పరిశీలిస్తే దానం అనే మాటలో లేని అర్థం ఒకటి ఇందులో కనిపిస్తుంది. దానం చేసేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య పాత లెక్కలేవీ ఉండనక్కర్లేదు కానీ, తిరిగి ఇచ్చేవాడు మాత్రం అంతకు ముందెప్పుడో ఏదో తీసుకున్నవాడే అయివుండాలి. తెలుగువాళ్లు దీన్ని బాకీ అంటారు, మరికాస్త గౌరవంగా ఊరి రుణం అంటారు. బాకీ అన్నాక అసలెంత, ఎవరికి చెల్లించాలి, చెల్లించాల్సింది ఒక్కడేనా అన్న ప్రశ్నలు తప్పవు. సెనెగల్‌లోని ఒక పల్లెనూ ఇంగ్లాండ్‌లోని ఒక పారిశ్రామిక నగరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు దొరుకుతుంది.

బాకీలో ఒక భాగాన్ని ఫుట్‌బాల్ చట్టం ఏనాడో ఒప్పుకుంది. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా 2001లో తెచ్చిన నిబంధన ప్రకారం, ఒప్పందం గడువు తీరకముందే ఆటగాడు ఒక క్లబ్ నుంచి మరో క్లబ్‌కు మారితే, కొనే క్లబ్ చెల్లించే బదిలీ సొమ్ములో 5 శాతాన్ని, అతనికి 12 ఏళ్ల వయసు నుంచి 23 ఏళ్ల వయసు దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచిపెట్టాలి. సంఘీభావ చెల్లింపు అని పిలిచే ఈ ఏర్పాటు వల్ల, ఎక్కడో పెద్ద నగరంలో జరిగిన బేరంలో కొంత సొమ్ము చిన్న ఊళ్ల చిన్న క్లబ్బులకు కూడా చేరుతుంది. అయితే ఈ లెక్క పన్నెండో ఏటనే మొదలవుతుంది, అదీ క్లబ్బులకు మాత్రమే వర్తిస్తుంది. పన్నెండేళ్లకు ముందు ఆ పిల్లవాడు ఆడిన మట్టి మైదానం, పూట గడవని ఇంటికి అన్నం పంపిన పొరుగువాళ్లు, రెండు మూడు పనులు చేసి అతన్ని పెంచిన తల్లి ఏ రిజిస్టర్‌లోనూ కనిపించరు. ఆటగాళ్లు తమంతట తాము తిరిగి ఇచ్చేదంతా చట్టం వదిలేసిన ఈ ఖాళీలోకే వెళుతుంది.

ఒకప్పుడు ఈ ఖాళీ ఇంత వెడల్పుగా ఉండేది కాదు. వృత్తి ఫుట్‌బాల్ పుట్టిన ఇంగ్లాండ్‌లో 1961 జనవరి వరకు ఆటగాడి వేతనానికి గరిష్ఠ పరిమితి ఉండేది. చివరి రోజుల్లో అది వారానికి 20 పౌండ్లు, అంటే నైపుణ్యం ఉన్న కార్మికుడి కూలి కన్నా మరీ ఎక్కువేమీ కాదు. ప్రెస్టన్ క్లబ్‌కు, ఇంగ్లాండ్ జట్టుకు ఆడిన టామ్ ఫిన్నీ తన కాలపు అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడైనా, అదే ఊళ్లో కుళాయిలు, గొట్టాలు బాగుచేసే ప్లంబింగ్ పనిని వదులుకోలేదు. అతని ఆట చూడటానికి శనివారం వచ్చినవాళ్ల ఇంటికే సోమవారం పనిముట్ల సంచితో వెళ్లిన మనిషిని ఊరికి ఏమిస్తున్నావని ఎవరూ అడగరు, ఎందుకంటే అతను ఊళ్లోనే ఉన్నాడు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం పోరాడి ఆ పరిమితిని తీసివేయించుకుంది. కార్మికులుగా అది వాళ్ల న్యాయమైన హక్కే. ఆ తరవాత దశాబ్దాల్లో టెలివిజన్ ప్రసార హక్కుల సొమ్ము వరదలా వచ్చిపడేసరికి ఆటగాడి జీవితానికీ అతను పుట్టిన వీధికీ మధ్య బంధం మెల్లగా తెగిపోయింది. 1986లో అదే ఆటగాళ్ల సంఘం చొరవతో, వాయవ్య ఇంగ్లాండ్‌లోని ఆరు క్లబ్బులలో ‘సమాజంలో ఫుట్‌బాల్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి ఆటగాళ్లను బడులకు, పేటలకు పంపాల్సి రావడం ఆ తెగిన దారాన్ని మళ్లీ ముడివేసే ప్రయత్నమే.

బాంబాలి

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ పటాన్ని చూస్తే, గాంబియా అనే సన్నని దేశం దాన్ని దాదాపు రెండు ముక్కలు చేసినట్టు కనిపిస్తుంది. ఆ చీలికకు దక్షిణాన ఉన్న ప్రాంతమే కాజమాన్స్. రాజధాని డాకర్‌కు దూరం కావడం, 1982 నుంచి వేర్పాటువాద సంఘర్షణ నలుగుతూ ఉండటం వల్ల, మిగతా దేశానికి అందిన రోడ్లు, బడులు, వైద్యం ఇక్కడికి ఆలస్యంగా చేరాయి. సాదియో మానే పెరిగిన బాంబాలి ఈ ప్రాంతపు పల్లె. ఇమాముగా ఉన్న అతని తండ్రి మానే చిన్నతనంలోనే కడుపునొప్పితో మంచాన పడితే, ఊళ్లో ఆసుపత్రి లేక మొదట నాటువైద్యం చేయించారనీ, తరవాత వేరే ఊరికి తీసుకెళ్తే అక్కడే ప్రాణం పోయిందనీ, తన చెల్లెలు కూడా ఆసుపత్రి లేక ఇంట్లోనే పుట్టిందనీ మానే స్వయంగా చెప్పుకున్నాడు. ఫుట్‌బాల్ ఆడతానంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోక, కౌమారంలోనే డాకర్‌కు పారిపోయి, వెనక్కి తీసుకొచ్చాక మళ్లీ ఒప్పించుకుని వెళ్లిన ఆ కుర్రవాడు, జెనరేషన్ ఫుట్ అకాడమీ మీదుగా 2011లో ఫ్రాన్స్‌లోని మెట్జ్‌కు, అక్కడి నుంచి ఆస్ట్రియా, సౌతాంప్టన్‌ల మీదుగా 2016లో సుమారు 3.4 కోట్ల పౌండ్ల బదిలీ సొమ్ముకు లివర్‌పూల్‌కు చేరాడు. ఆ సొమ్ములో శిక్షణ వాటాలు క్లబ్బులకు, అకాడమీకి వెళ్లేవే కానీ బాంబాలికి చట్టప్రకారం వెళ్లేది ఏమీ లేదు.

మానే బాంబాలికి పంపినవాటిలో మొదట చెప్పుకోవాల్సింది బడో ఆసుపత్రో కాదు, 2018 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ముందు పంపిన మూడు వందల లివర్‌పూల్ జెర్సీలు. యూరప్ దేశాల మేటి క్లబ్బులు ఏటా తలపడే ఆ పోటీ ఆఖరి ఆట కీవ్ నగరంలో జరుగుతుంటే, వేల కిలోమీటర్ల దూరంలోని పల్లె అతని జట్టు చొక్కా తొడుక్కుని టీవీల ముందు కూర్చుంది. లివర్‌పూల్ 3-1తో ఓడిపోయినా, ఆ ఒక్క గోల్ కొట్టింది మానేయే. పండగపూట దూరాన ఉన్న కొడుకు ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు పంపడం వంటిదే ఇదీ. ఖర్చు లెక్కలో చిన్నదైనా, ఊరు తనది అనే భావన ఇరువైపులా నిలవకపోతే ఆ తరవాతి పెద్ద పనులకు పునాది ఉండేది కాదు.

ఆ తరవాత బడి వచ్చింది, 2021 జూన్‌లో ఆసుపత్రి తెరుచుకుంది. దానికి దాదాపు నాలుగున్నర లక్షల పౌండ్లు మానే తన సొంత డబ్బు పెట్టాడనీ, చుట్టుపక్కల 34 గ్రామాలకు అది ఉపయోగపడుతుందనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇంటిపట్టున కాన్పు అయ్యే ఊళ్లకు ప్రసూతి విభాగం దగ్గర్లో ఉండటం అంటే ఏమిటో తెలుగు పల్లెల్లో డోలీ కట్టి గర్భిణులను కొండ దింపుతున్న మన్యం ప్రాంతాలవాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ ఆసుపత్రి కథలో భవనం కన్నా ముఖ్యమైన ఘట్టం, అది తెరుచుకోకముందే మానే డాకర్ వెళ్లి అప్పటి దేశాధ్యక్షుడు మాకీ సాల్‌ను కలవడం. ఒక ఆటగాడు గోడలు కట్టించగలడు, మంచాలు, పరికరాలు కొనగలడు. కానీ నర్సును నియమించి నెలనెలా జీతం ఇవ్వడం, డాక్టర్‌ను బదిలీ మీద రప్పించడం, మందుల సరఫరాను ఏటా బడ్జెట్‌లో చేర్చడం ప్రభుత్వానికే సాధ్యం. సెనెగల్‌లో పల్లె వైద్యానికి ఇంచుమించు మెట్లవంటి వరుస ఒకటుంది. అట్టడుగున ఆరోగ్య కార్యకర్త నడిపే ఆరోగ్య గుడిసె, దాని పైన నర్సు నడిపే ఆరోగ్య చౌకీ, ఆ పైన డాక్టర్లున్న కేంద్రం, ఆ తరవాత పెద్దాసుపత్రి ఉంటాయి. ఈ వరుసలో చేరని భవనం ఎంత అందంగా ఉన్నా కొన్నేళ్లకు తాళం పడే ప్రమాదం ఉంది. అధ్యక్షుడిని సిబ్బంది అడగడం ద్వారా, ఊరి బాకీలో రాజ్యం వాటా కూడా ఉందని మానే గుర్తు చేశాడు. అతని ఉదారతను మెచ్చుకుంటూ రాసిన కథనాల్లో ఈ సంగతికి దక్కింది ఒక్క వాక్యమే కానీ, నిజానికి మొత్తం వ్యవహారానికి ఇదే ఇరుసు.

మాంచెస్టర్

మార్కస్ రాష్‌ఫోర్డ్ దారి దీనికి తలకిందులైనది. మానే కట్టించి ప్రభుత్వాన్ని పిలిస్తే, రాష్‌ఫోర్డ్ ప్రభుత్వం చేయాల్సింది చేయడం లేదని నిలదీశాడు. అతను పెరిగిన, మాంచెస్టర్ దక్షిణ భాగంలోని వితెన్‌షా, ఇరుకు మురికివాడల నుంచి కార్మిక కుటుంబాలను తరలించేందుకు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో నగరపాలక సంస్థ కట్టడం మొదలుపెట్టిన విశాలమైన గృహసముదాయం. 1997లో పుట్టిన రాష్‌ఫోర్డ్‌ను, అతని తోబుట్టువులను తల్లి మెలనీ ఒక్కతే కనీస వేతనపు పనులు చేసి పెంచింది. ఏడేళ్లకే మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీలో చేరిన అతను పద్దెనిమిదో ఏట, 2016 ఫిబ్రవరిలో, మొదటి ఆటలోనే రెండు గోల్స్ కొట్టాడు.

కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు అతనికి మొదట తట్టింది చదువు సంగతి కాదు, బడిలో తినే అన్నం సంగతి. ఇంగ్లాండ్‌లో ఉచిత బడి భోజనం చిన్న తరగతులు దాటాక పిల్లలందరికీ ఉండదు. కుటుంబం ప్రభుత్వ సాయం పొందుతూ ఉండాలి, దానికితోడు 2018 నుంచి, ఇంటి సంపాదన ఏడాదికి 7,400 పౌండ్ల లోపు ఉండాలన్న గీత గీశారు. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడిలో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లవాణ్ని తండ్రి జీతమెంతని ఎవరూ అడగరు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ తన బడి భోజన పథకానికి పెట్టుకున్నది. అర్హత అడగని ఈ పద్ధతికి అలవాటుపడినవాళ్లకు, సంపన్న దేశంలో ఆకలి నిరూపించుకోవాల్సి రావడం వింతగానే తోస్తుంది.

వృథా అయ్యే ఆహారాన్ని సేకరించి సేవాసంస్థలకు పంచే ఫేర్‌షేర్ అనే సంస్థతో కలిసి రాష్‌ఫోర్డ్ 2 కోట్ల పౌండ్లకు పైగా విరాళాలు సమీకరించాడు. ఇక్కడితో ఆగివుంటే అతను ఉదారుడైన ఆటగాడిగానే మిగిలిపోయేవాడు. వేసవి సెలవుల్లో భోజన వోచర్లు ఇవ్వబోమని, అంటే వారానికి ఒక్కో పిల్లవాడికి 15 పౌండ్ల విలువైన సరుకుల చీట్లు ఆపేస్తామని ప్రభుత్వం చెప్పినప్పుడు, 2020 జూన్ 15న అతను పార్లమెంటు సభ్యులందరికీ ఒక బహిరంగ లేఖ రాశాడు. తల్లి రోజంతా పనిచేసినా రాత్రి కంచంలోకి సరిపడా వచ్చేది కాదనీ, బడి భోజనంతో, ఉదయపు అల్పాహార కేంద్రాలతో, పొరుగువాళ్ల, కోచ్‌ల దయతో తాము గడిపామనీ, ఏటా క్రిస్మస్ విందు కోసం నార్దర్న్ మూర్ అనే చోటికి వెళ్లి పొట్లం తెచ్చుకునేవాళ్లమనీ అందులో చెప్పుకున్నాడు. ఆకలి గురించి నివేదికలు ఎన్నో అప్పటికే ఉన్నాయి. పేదరికాన్ని అనుభవించి, ఆ అనుభవాన్ని దాచుకునే అవసరం ఇక లేని స్థాయికి ఎదిగిన మనిషి, పేటపేరు, తల్లిపని సహా సాక్ష్యం చెప్పడం మాత్రం కొత్త. మర్నాడే ప్రభుత్వం వెనక్కి తగ్గి, సుమారు 13 లక్షల మంది పిల్లల కోసం 12 కోట్ల పౌండ్ల వేసవి ఆహార నిధిని ప్రకటించింది.

అక్టోబరులో మళ్లీ అదే కథ జరిగింది. సెలవుల్లో కూడా భోజనం కొనసాగించాలన్న ప్రతిపక్ష తీర్మానాన్ని పార్లమెంటు 322-261 ఓట్లతో తోసిపుచ్చింది. ఆ తరవాతి రోజుల్లో జరిగింది అంతకన్నా విశేషం. చేపల వేపుళ్లు అమ్మే దుకాణాలు, టీ హోటళ్లు, పబ్బులు, స్థానిక పురపాలక సంస్థలు, సెలవుల్లో పిల్లలకు ఉచితంగా భోజనం పెడతామని ఒకరి తరవాత ఒకరు ప్రకటిస్తుంటే, లాక్‌డౌన్‌లో తమ బతుకే నడవని చిన్న దుకాణదారుల ఆ ప్రకటనలను రాష్‌ఫోర్డ్ గంటల తరబడి తన ట్విటర్ ఖాతాలో ఒక్కొక్కటిగా పంచుకుంటూ వెళ్లాడు. దేశపటం మీద ఆకలి ఎక్కడుందో, అన్నం ఎక్కడుందో పక్కపక్కన కనిపించింది. అతని విన్నపానికి పది లక్షలకు పైగా సంతకాలు చేరాయి. నవంబరులో ప్రభుత్వం 17 కోట్ల పౌండ్ల శీతాకాలపు సాయాన్ని ప్రకటించి రెండోసారి దారి మార్చుకుంది.

వోచర్‌కు బదులు సరుకుల సంచి ఇస్తే చాలదా అన్న వాదనకు 2021 జనవరిలో ఒక తల్లి నేలమీద పేర్చి తీసిన ఫోటోనే జవాబైంది. బడి తరఫున గుత్తేదారు సంస్థ పంపిన ఆ సంచిలో ఒక రొట్టె, కొన్ని చీజ్ ముక్కలు, ఒక బీన్స్ డబ్బా, రెండు క్యారెట్లు, రెండు బంగాళాదుంపలు, ఒకే ఒక్క టమాటా, కొద్దిగా పండ్లు ఉన్నాయి. అది పది రోజుల తిండికని ఆమెకు చెప్పారనీ, బయట కొంటే అయిదు పౌండ్ల చిల్లర అవుతుందనీ ఆమె లెక్కకట్టింది. అయిదు రోజులకు పదిన్నర పౌండ్ల సంచి అని గుత్తేదారు సంజాయిషీ ఇచ్చినా, ఎవరికీ మింగుడుపడలేదు. ఆ ఫోటోను రాష్‌ఫోర్డ్ లక్షలాది మంది ముందుకు తెచ్చాక, బడులకు మళ్లీ వోచర్లు వచ్చాయి. చేతిలో చీటీ ఉన్న తల్లి తన పిల్లవాడు ఏం తింటాడో తనే నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం కూడా భోజనంలో భాగమే.

సెలవుల్లో ఆకలి ఇంగ్లాండ్‌కే పరిమితమైన సమస్య కాదు. 2016 మేలో భారత సుప్రీంకోర్టు, కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ ఏడు కరవు పీడించిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. ఇక్కడ న్యాయస్థానం చెప్పిన మాటను అక్కడ ఇరవై రెండేళ్ల ఆటగాడు చెప్పాల్సి వచ్చింది.

ఒక్కరి బాకీ, అందరి బాకీ

ఇచ్చేది డబ్బే కానక్కర్లేదని చూపించినవాడు ఐవరీ కోస్ట్‌కు చెందిన దిదియే ద్రోగ్బా. 2002 నుంచి ఉత్తర, దక్షిణాలుగా చీలి పోరాడుతున్న ఆ దేశం 2005 అక్టోబరులో తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సంపాదించినప్పుడు, అతను సహచరులతో కలిసి దుస్తుల గదిలో కెమెరా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయుధాలు దించమని వేడుకున్నాడు. 2007 జూన్‌లో తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకే నగరంలో జాతీయ జట్టు ఆట జరిగేలా చూడటంలో అతని పట్టుదల ఉంది. ఫుట్‌బాల్ యుద్ధాన్ని ఆపిందని చెప్పడం అతిశయోక్తే అవుతుంది, ఎందుకంటే అంతకు మూడు నెలల ముందే శాంతి ఒప్పందం కుదిరింది, 2010 తరవాత మళ్లీ నెత్తురు చిందింది. రెండు వైపులవాళ్లూ ఒకే జట్టుకు చప్పట్లు కొట్టిన ఆ సాయంత్రం మాత్రం నిజం.

స్పెయిన్ ఆటగాడు హువాన్ మాటా 2017లో ముంబై మురికివాడల్లో ఫుట్‌బాల్ ద్వారా పిల్లలను బడికి తెచ్చే సంస్థ పనిని చూసి వెళ్లి, అదే ఏడాది ఆగస్టులో, జీతంలో ఒక శాతాన్ని ఇటువంటి సంస్థలకు కేటాయించే ‘కామన్ గోల్’ అనే ఉమ్మడి నిధికి శ్రీకారం చుట్టాడు. సొంతూరి మమకారం లేని ఆటగాడికి కూడా ఇది దారి చూపుతుంది కాబట్టి మంచి ఆలోచనే. అనంతపురంలో ఆర్డీటీ అనే సేవాసంస్థతో స్పెయిన్ లాలిగా ఫౌండేషన్ కలిసి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించడం కూడా ఈ కోవలోదే. అయినా, బాంబాలి జెర్సీలకూ నార్దర్న్ మూర్ పొట్లానికీ ఉన్న చనువు ఒక శాతం లెక్కకు రాదు. ఉమ్మడి నిధిలో వేసినది ఎంత మంచి పనికి వెళ్లినా చందానే అవుతుంది, బాకీ తీర్చడం అవదు.

రాష్‌ఫోర్డ్‌కు మాంచెస్టర్ తన వంతు చెల్లించిన తీరు 2021 జులైలో కనిపించింది. అతని పోరాటానికి గౌరవంగా విథింగ్టన్‌లో ఒక గోడమీద వీధి చిత్రకారుడు నలుపు తెలుపుల్లో గీసిన పెద్ద బొమ్మను, యూరో ఫైనల్‌లో అతని పెనాల్టీ గురి తప్పిన రాత్రే ఎవరో పాడుచేశారు. తెల్లవారేసరికి పాడైన చోటును నల్ల సంచులతో కప్పి, వాటి మీద పిల్లలు, పెద్దలు చీటీలు అంటించడం మొదలుపెట్టారు. కాగితపు హృదయాలు, జెండాలు, పూలు, బడిపిల్లల వంకరటింకర అక్షరాల కృతజ్ఞతలు గోడంతా పరుచుకున్నాయి. వాన వస్తుందన్న సూచన అందగానే అక్కడివాళ్లు వాటిని తడవకుండా తీసి భద్రపరిచారు.

రాష్‌ఫోర్డ్ 2020లో పెట్టిన మూడు కోరికల్లో ఒకటైన గర్భిణుల, పసిబిడ్డల ఆహార వోచర్ పెంపు, వారానికి 3.10 పౌండ్ల నుంచి 4.25 పౌండ్లకు, మరుసటి ఏడాదే అమలైంది. సెలవుల భోజన కార్యక్రమం కూడా విస్తరించింది. ప్రభుత్వ సాయం పొందే ప్రతి కుటుంబంలోని పిల్లవాడికీ ఉచిత బడి భోజనం ఇవ్వాలన్న మొదటి కోరిక మాత్రం దాదాపు అయిదేళ్లు పక్కనపడి ఉంది. 2025 జూన్‌లో వేరే పార్టీ ప్రభుత్వం, 2026 సెప్టెంబరు నుంచి ఇంగ్లాండ్‌లో దాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చేనాటికి రాష్‌ఫోర్డ్ మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా వేసుకుని నెలలు గడిచాయి. కొత్తగా వరుసలో నిలబడే అయిదు లక్షల మందికి పైగా పిల్లల్లో, 7,400 పౌండ్ల గీత కన్నా నాలుగు కాసులు ఎక్కువ సంపాదించినందుకు ఇన్నాళ్లూ భోజనం కోల్పోయినవాళ్లున్నారు. మెలనీ లాగా పొద్దున వెళ్లి పొద్దుపోయాక ఇల్లు చేరే తల్లుల పిల్లలు వాళ్లు.